కలవకముందే విడిపోయినవి

“ఇవి కలిసి పగిలినవి కావు మాస్టారూ. కలవకముందే విడిపోయినవి.”

చూన్‌లాన్ గ్రాఫులు బల్ల మీద పరిచింది. గెంగ్ మాస్టారు నూడుల్స్ గిన్నె పక్కకు జరిపి కళ్ళజోడు పెట్టుకున్నారు. లాన్‌ఝౌలో పరిశోధనాలయం ఎదుటి హోటలు అది. మధ్యాహ్నం రద్దీ ఇంకా తగ్గలేదు.

బరువైన రెండు పరమాణు కేంద్రకాలను ఢీకొట్టిస్తే అవి పూర్తిగా ఒకటై, ఆ తర్వాతే పగులుతాయని మాస్టారు ఇరవై ఏళ్ళుగా చెబుతున్నారు. ఆయన పేరంతా ఆ మాట మీదే నిలబడింది. ముక్కలు ఏ కోణాల్లో ఎగిరిపడుతున్నాయో ఆయన శిష్యురాలు చూన్‌లాన్ ఓపిగ్గా కొలిచింది. చాలా జంటలు ఒకదాన్నొకటి తాకి, కాస్త ఇచ్చిపుచ్చుకుని, ఒకటి కాకుండానే విడిపోతున్నాయి.

“ఎక్కడో పొరబడ్డావేమో?”

“మళ్ళీ మళ్ళీ చూశాను మాస్టారూ.”

ఆయన కళ్ళజోడు తీసేశారు. “వచ్చే ఏడు రిటైరవుతున్నానమ్మా. పోతూ పోతూ నా శిష్యురాలి చేతే తప్పనిపించుకోవాలా?” అంటూ కళ్ళు ఒత్తుకున్నారు.

తను కొండల్లోని పల్లె నుంచి వచ్చిన తొలి చలికాలం, వణుకుతుంటే ఆయన ఒంటి మీది కోటు విప్పి ఇచ్చారు. చూన్‌లాన్‌కు అదే గుర్తొచ్చింది.

“నా సిద్ధాంత గ్రంథంలోంచి ఆ అధ్యాయం తీసేస్తాను లెండి.”

“మరి ఈ గ్రాఫులు?”

“మీరే ఉంచుకోండి. నా దగ్గరుంటే మనసు ఊరుకోదు.”

సిద్ధాంత గ్రంథం చప్పగా తేలింది. పరీక్షకులు పెదవి విరిచి పట్టా ఇచ్చారు. పరిశోధనలో ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. ఆమె తియన్‌ష్వే ఊళ్ళో ఒక బడిలో టీచరుగా చేరింది. “అంత చదువూ చదివి సుద్దముక్క పట్టావు” అని తల్లి దెప్పితే నవ్వి ఊరుకునేది. మాస్టారు తలెత్తుకుని రిటైరవుతారు, అంతే చాలనుకునేది.

మరుసటేడు ఒక సాయంత్రం, ఆమెతోపాటు లాన్‌ఝౌలో చదివిన షావ్‌తింగ్ ఫోన్ చేసింది.

“చూశావటే? నువ్వు తీసేసిన అధ్యాయం, నాకు చూపించావే, ఆ సంగతే పరిశోధన పత్రికలో అచ్చయింది. కోణాలతో సహా. ఈ ఏటి భౌతికశాస్త్ర బహుమానం కూడా దానికేనట.”

తన కష్టమంతా ఇంకొకరి పాలైందని చూన్‌లాన్ ఉడుక్కుంది. ఆ వెంటనే మాస్టారి ముఖం కళ్ళముందు మెదిలింది.

“మాస్టారు ఎలా తట్టుకుంటున్నారే? పక్కన ఎవరైనా ఉన్నారా?”



“రాసిందే ఆయన.”