పొగలో రాగిగొట్టం

కానిస్టేబుల్ గడ్డపార ఎత్తేసరికి ఆదిమూలం ఉరికిపోయి పొగగొట్టానికి అడ్డంగా నిలబడ్డాడు. వెనకనుంచి సెగ వీపును కాలుస్తున్నా జరగలేదు.

“సార్, ఇది సారా బట్టీ కాదు. బెల్లం పొయ్యి.”

“పైన పీపా ఉండాది. కింద మంట ఉండాది. మధ్యలో రాగిగొట్టం చుట్లు చుట్లుగా ఉండాది. ఇది బట్టీ కాకపోతే ఇంకేందప్పా?” అన్నాడు కానిస్టేబుల్.

ఆయన్ని అని లాభంలేదు. నల్లబెల్లం, పీపా, రాగిగొట్టం మూడూ ఒక్కచోట కనిపిస్తే ఏ పోలీసుకైనా చేతులు దురద పెడతాయి. పైగా పాకాల అవతల రైలుకట్ట పక్కన ఒక గానుగ కొట్టంలో సారా కాస్తున్నారని పొద్దున్నే ఎవరో ఫోన్ చేసి చెప్పారట. ఆ చెప్పిన మహానుభావుడు పేరు మాత్రం చెప్పలేదు.

ఆదిమూలానికి ఏడుపొక్కటే తక్కువ. మొన్నటి వానకు చెరకుపిప్పి వామి సగం కుళ్ళిపోయింది. మిగిలిన ఎండుపిప్పితోనే చెరకంతా బెల్లం కావాలి. ఈ గొట్టం ఉంటే అవుతుంది. ఇది పోతే వారంలో పొయ్యి ఆరిపోతుంది, కొట్టి పోగేసిన చెరకు పులిసి పశువులకు కూడా పనికిరాదు. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పుకున్నాడు.

“కొట్టేసుకోనీలే అల్లుడా. పోతే పోయింది” అన్నాడు మామ మునస్వామి, వామి పక్కన కూర్చున్నచోటు నుంచి లేవకుండానే.

ఆదిమూలానికి ఒళ్ళు మండిపోయింది. పిల్లనిచ్చిన మామ, ఇంట్లో కలిసి తినే మనిషి, అనాల్సిన మాటేనా అది?

జీపు దగ్గర ఫోన్ మాట్లాడుతున్న ఎస్సై హరినాథ్ అప్పుడు లోపలికొచ్చాడు. ముందు వాసన చూద్దాం ఆగబ్బా అని, గొట్టం చివరనున్న కొళాయి తిప్పాడు. చిక్కటి రసం పొగలు కక్కుతూ పడింది. వేలితో తీసి నాకి, కాలిన నాలుకను కాసేపు బయటే పెట్టుకున్నాడు.

“చెరకుపాలే. కానీ పొయ్యి ఆడుంటే ఈడ ఇంత వేడి ఎట్లొచ్చె?”

అడిగినవాడు పోలీసని కూడా మర్చిపోయి ఆదిమూలం మొదలుపెట్టాడు. పిప్పి మండించిన వేడిలో సగం పెనానికి అందుతుంది, మిగతా సగం పొగతోపాటు ఊరికే ఆకాశానికి పోతుంది. ఆ పొగ పోయే దారిలోనే ఈ గొట్టాన్ని పెట్టాడు. పీపాలోని పచ్చిపాలు చుట్లలోంచి దిగేసరికి సలసల కాగే ముందరి వేడికి వస్తాయి. వాటినే పెనంలో పోస్తే మూడు గంటల వంటలో ముప్పావు గంట తగ్గుతోంది. నాలుగు మోపుల పిప్పి కాలేచోట మూడే కాలుతున్నాయి.

“బట్టీలో ఆవిరిని చల్లారబెడతారు సార్. ఈడ చల్లటిదాన్ని వేడి చేస్తాం. అంతా తలకిందులు.”

“బట్టీ సంగతులు నీకెట్ల తెలుసు?”

“మీరు పగలగొట్టినప్పుడల్లా పేపర్లో ఫొటో వేస్తారు గదా సార్.”

ఎస్సై నవ్వాడు. దాంతో ఆదిమూలానికి హుషారొచ్చేసింది. ఊళ్ళో ఒక్కరూ ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు, పొగను పట్టుకునే పిచ్చోడని నవ్వడం తప్ప. ఈ ఎస్సై అట్లా కాదు. పాలు గొట్టంలో నిలిచిపోతే మాడవా అన్నాడు. మాడతాయి, అందుకే ప్రతి పెనం దిగాక నీళ్ళు వదిలి కడుగుతామన్నాడు ఆదిమూలం. మసి పట్టదా అన్నాడు. పడుతుంది, రెండు రోజులకోసారి గోకుతామన్నాడు. కానిస్టేబుల్ కూడా గడ్డపార గోడకు ఆనించి, గ్లాసుడు వేడిపాలు ఊదుకుంటూ వింటున్నాడు.

ఎస్సై టార్చి వేసి పొగగొట్టం తలుపులోంచి తొంగిచూశాడు. చుట్లు లెక్కపెట్టాడు. పదకొండు. రాగి వంచితే నలగాలి గదా, ఒక్క నొక్కు కూడా లేదేమని ఆశ్చర్యపోయాడు. లోపల సన్నటి ఇసుక కూరి, రెండు కొసలూ బిగించి, కొబ్బరిమాను చుట్టూ మెల్లగా తిప్పితే నలగదని ఆదిమూలం చెప్పాడు.

“ఎండెక్కతా ఉండాది. సార్లకు వేరే పనులుంటాయి, వాళ్ళను పోనీ” అన్నాడు మునస్వామి. ఎవరూ పట్టించుకోలేదు.

ఎస్సై చేతులు దులుపుకుని కానిస్టేబుల్ వైపు తిరిగాడు. “గడ్డపార జీపులో పెట్టు. ఈయప్ప పొయ్యిని ఎవురూ ముట్టుకోవద్దు.”

ఆదిమూలానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎస్సై కాళ్ళకు దండం పెట్టబోతే ఆయన పట్టి ఆపి, ఇంకొక్క సంగతి అడిగాడు. మామూలుగా అందరూ కుడివైపుకు చుడతారు, ఇది ఎడమవైపుకు తిరిగిందెందుకని.

ఊళ్ళోవాళ్ళతో అయితే తానే చుట్టానని చెప్పుకునేవాడు ఆదిమూలం. ఆ సంతోషంలో పిసినారితనం రాలేదు. మామ మీది కోపం కూడా ఎటుపోయిందో పోయింది.

“మా మామ చుట్టినాడు సార్. ఎడమచేతి వాటం ఆయనది. ఇట్లా చుట్టే మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు లేరు. లెయ్ మామా, సార్ అడగతా ఉండారు.”

మునస్వామి లేవలేదు. ఎస్సైయే దగ్గరికెళ్ళి, చెయ్యందించి, మర్యాదగా లేపి నిలబెట్టాడు.

“నిజమే, ఇంకొకరు లేరు. ఈ ఏడాది మేము పగలగొట్టిన ఆరు సారా బట్టీల్లోనూ ఇదే ఎడమచేతి చుట్టు. జీపెక్కు పెద్దాయనా.”