ఈయన పేరు

“ముందు మాస్కు!” ఎస్సై అరిచాడు.

తల పగిలి పోలీసు చౌకీలోకి పరుగెత్తుకొచ్చిన సంధ్యారాణి గడప దగ్గరే ఆగిపోయింది. గాయానికి అదిమిపెట్టుకున్న కొంగు తీసి మూతికి అడ్డం పెట్టుకుంది. ఉన్నది ఒక్కటే కొంగు. నెత్తురు మళ్లీ కనుబొమ్మ మీదికి జారింది. ఎస్సై శాంతించాడు. ఇప్పుడు అంతా చట్టప్రకారం ఉంది.

“హా, బోలో బేన్. ఏమైంది?”

ఆమె కాపురానికి సూరత్ వచ్చిన కొద్ది రోజులకే లాక్‌డౌన్ పడింది. హిందీ నేర్చుకునే అవకాశమే దొరకలేదు.

“నన్ను గా ఇంటికి మాత్రం పంపకుండ్రి సారూ. ఈపారి సంపుతడు,” అంది తెలుగులో.

ఎస్సైకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కిటికీలోంచి కేకేశాడు. “ఉమాకాంత్ భాయ్! మీ భాష కేసొచ్చింది, రా!”

వీధిలో అన్నం పొట్లాలు పంచుతున్న వలంటీరు లోపలికొచ్చాడు. చేతికి పచ్చ పట్టీ, కళ్లదాకా మాస్కు. మగ్గాలు మూతపడ్డప్పటి నుంచి ఆ పేట తెలుగువాళ్లకూ పోలీసులకూ మధ్య అతనే నోరు.

అతన్ని చూసి ఆమె గోడకు అతుక్కుపోయింది.

“భయపడకు, మనవాడే,” అన్నాడు ఎస్సై. “భార్యను ఊళ్లో వదిలేసి ఇక్కడ జనసేవ చేస్తున్నాడు. దేవుడిలాంటి మనిషి.”

ఆమెకు అదీ అర్థం కాలేదు. ఉమాకాంత్ చేతులకు శానిటైజర్ రాసుకుంటూ ఆమె వైపు తిరిగాడు.

“పరేషాన్ గాకు చెల్లె. నువ్వు చెప్పు, సార్‌కు నేను జెప్త.”

ఆమె అతని వంక వెర్రిగా చూసింది.

“చెల్లె అంటే?” ఎస్సై అడిగాడు.

“బేన్, సాబ్.”

“వాహ్! సంస్కారమంటే ఇదీ!”

సంధ్యారాణి తల దించుకుంది. నేలతో చెబుతున్నట్టు చెప్పింది. “ఈయన కొట్టిండు. మగ్గం నాడెతోని నెత్తిమీద కొట్టిండు.”

“మగ్గం తుడుస్తుంటే నాడె జారి నెత్తిన పడిందట సాబ్.”

“మగ్గాలన్నీ బంద్ కదా?”

“అందుకే తుడుస్తోంది. పనిమంతురాలు.”

ఎస్సై మెచ్చుకోలుగా తలూపాడు. “దెబ్బకు పసుపు పెట్టుకోమను.”

భాష రాకపోయినా అబద్ధం ఆమెకు వినపడింది. తనకు తెలిసిన ఒకే ఒక్క హిందీ మాట బయటికి లాగింది. “మారా! ఈయన మారా!”

“కొట్టాడా?” ఎస్సై నిటారుగా కూర్చున్నాడు. “ఎవడు? ఎవరీ ‘ఈయన’?”

ఉమాకాంత్ తేలిగ్గా నవ్వేశాడు. “మా భాషలో మొగుణ్ని అట్లా అంటారు సాబ్. మా ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పలికితే వాడి ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. ఏదో చిన్న గొడవ. పనుల్లేక ఇంట్లో ఉంటే అందరికీ అయ్యేదేగా.”

“పేరు లేకుండా కేసు ఎవడి మీద రాయను?” ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. అతని వెనక గోడ మీద ప్రభుత్వం వారి పోస్టరు ఉంది. ‘ఇల్లే మీకు రక్షణ’. “అడుగు భాయ్. పేరు చెబితే ఈ నిమిషమే వాణ్ని లోపలేస్తా. నా చేతుల్తో వేస్తా.”

“పేరడుగుతుండు చెల్లె. చెప్తవా?” ఉమాకాంత్ గొంతులో తొందర లేదు.

ఆమె రెండో చేత్తో పుస్తెలు పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

“చూశారుగా సాబ్.”

అయినా ఎస్సై పద్ధతి తప్పే మనిషి కాదు. ఆడవాళ్ల హెల్ప్‌లైన్‌కు ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టాడు. ఎవరో దగ్గారు. చేతులు సబ్బుతో కడుక్కోమని ఒక గొంతు బుద్ధి చెప్పింది. లైను తెగిపోయింది. మహిళా కానిస్టేబుల్‌కు చేశాడు. ఆవిడ కూరగాయల బజారులో ముగ్గుతో గుండ్రాలు గీయిస్తోంది. ఆడవాళ్ల ఆశ్రమానికి చేశాడు. అందులో ఇప్పుడు దగ్గేవాళ్లను పెట్టారట. కోర్టుకు ఎలాగూ తాళమే.

“ప్రభుత్వం చేయగలిగిందంతా చేసింది,” అని ఫోన్ పక్కన పెట్టాడు. “ఇంటికి పొమ్మను. మొగుడికి రెండు గజాల దూరం పాటించమను.”

ఆ నవాగామ్ పేటలో ఆమె ఉండే గది వెడల్పే రెండు గజాలు.

“ఉమాకాంత్ భాయ్, నువ్వే దింపిరా. వాడెవడో, వాడికి కూడా నాలుగు మంచి మాటలు చెప్పు.”

“నేను చెబితే వింటాడు సాబ్.”

ఆ మాట అంటూ ఉమాకాంత్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. “నడువు చెల్లె. ఇంట్ల దిగవెడ్త.”

ఆమె కదల్లేదు. మూతికి పెట్టుకున్న కొంగు వదిలేసింది. తలెత్తి తిన్నగా అతని కళ్లలోకి చూసింది.

“చెల్లె అంటివి గద,” అంది. “ఇగ పేరు దీస్తె పాపం లేదు.”

“ఏమంటోంది?” ఎస్సై అడిగాడు.

ఉమాకాంత్ ఈసారి తర్జుమా చేయలేదు.

సంధ్యారాణి వేలు చాపింది. ఎస్సైకి ఇందాకే అర్థం తెలిసిన ఆ తెలుగు మాటను గట్టిగా పలికింది.

“ఈయన... ఉమాకాంత్!”