నాలుగంగుళాల తెల్లగీత

తోడల్లుణ్ణి చంపడానికి రోడ్ల మీద గీతలు వేసే మేస్త్రీకి కత్తి అక్కర్లేకపోయింది. ఒక డబ్బా తెల్లరంగు, ఒక డబ్బా నల్లరంగు, క్వారీ పనివాళ్ళ భోజన విరామం ఉంటే చాలు.

క్వారీ దగ్గర రోడ్డు ఎడమకు తిరుగుతుంది. తిరగకుండా తిన్నగా పోతే నలభై అడుగుల లోతు గుంత, నిండా నీళ్ళు. రోడ్ల శాఖలో ఇంజినీరైన తోడల్లుడు ఇంట్లో భోంచేసి, రోజూ రెండింటికి ఆ దారినే ఆఫీసుకు తిరిగి వెళతాడు. అదీ చేతులు ఒళ్ళో పెట్టుకుని. అతని కొత్త కరెంటు కారు రోడ్డు మీది తెల్లగీతను చూసుకుంటూ తనంతట తానే నడుస్తుంది.

ఈ సంగతి మేస్త్రీ కూపీ లాగి తెలుసుకున్నది కాదు. తోడల్లుడే అత్తగారి ఎదుట వారం వారం చెప్పుకునేవాడు.

"దానికి కొండ తెలీదు, గొయ్యి తెలీదు తమ్ముడూ. గీత ఒక్కటే తెలుసు. నువ్వెటు గీస్తే అటు పోతుంది."

"అయితే మీ ప్రాణం నా చేతిలో ఉన్నట్టేగా అన్నయ్యా," అన్నాడు మేస్త్రీ నవ్వులాటకు.

"ఎన్నాళ్ళులే. గీతలేసే మెషీను వస్తోంది. కాగితం నా బల్లమీదే ఉంది. శుక్రవారం భోజనం చేసొచ్చి సంతకం పెట్టేస్తా. నువ్విక ఇంటిపట్టున కూర్చుని పిల్లలకి డ్రాయింగు నేర్పుకో."

అత్తగారు నవ్వింది. మేస్త్రీ భార్య తల దించుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఊరి రోడ్లన్నింటినీ వంగి వంగి దిద్దినవాడు మేస్త్రీ. ఆ పని కాస్తా పోతే తనకంటూ మిగిలేది నడుంనొప్పి ఒక్కటే.

శుక్రవారం ఒంటిగంటకు క్వారీ ఖాళీ అయింది. మలుపుకు ముందు, రోడ్డు పక్కన, 'పని జరుగుచున్నది' అన్న బోర్డు నిలబెట్టాడు మేస్త్రీ. అది చూసి తక్కినవాళ్ళు వేరే దారి పడతారు. ఇంజినీరు మాత్రం లెక్కచేయడు. ఆ బోర్డులు అతని శాఖవే.

మలుపు తిరిగే పాతగీతను నల్లరంగుతో కప్పేశాడు. తాడు లాగి, సుద్దతో గుర్తులు పెట్టి, కొత్తగీతను రాతినేల మీదుగా తిన్నగా గుంత అంచుదాకా తీసుకుపోయాడు. హత్య కోసం వేసే గీత కాస్త వంకరపోయినా అడిగేవాళ్ళు లేరు. కానీ మేస్త్రీ చెయ్యి అందుకు ఒప్పుకోలేదు. సరిగ్గా నాలుగంగుళాల వెడల్పు, రెండు పూతలు, పైన మెరుపు కోసం గాజుపొడి. సగంలో ఉండగా వదిన మొహం కళ్ళముందు మెదిలి చెయ్యి ఆగబోయింది. ఆగితే అక్కడ అతుకు కనబడుతుందని మళ్ళీ కదిలించాడు. తడిగీత తొక్కడానికి వచ్చిన కుక్కనొకదాన్ని చీపురు పట్టుకుని అరగంట సేపు అదిలిస్తూనే ఉన్నాడు.

రెండు కావస్తుండగా రాళ్ళగుట్ట వెనక నక్కాడు.

కారు చప్పుడు లేకుండా వచ్చింది. నల్లటి అద్దాల వెనక, డ్రైవరు సీట్లో, భారీ ఆకారం నిబ్బరంగా కూర్చుని ఉంది. మలుపు దగ్గర కారు ఒక్క క్షణం తటపటాయించింది. కొత్తగీత దాని కంటబడింది. అంతే, మాస్టారు చెప్పిన మాట జవదాటని విద్యార్థిలా ఆ గీతనే పట్టుకుని తిన్నగా పోయి, అంచు దాటి మాయమైంది. ఆ వెంటనే కింద నీళ్ళు పెద్ద చప్పుడు చేశాయి.

మేస్త్రీకి ముందుగా కలిగినది గర్వం. చక్రం గీతను విడిచి అంగుళమైనా పక్కకు జరగలేదు. పశ్చాత్తాపం ఆ వెనకాలే వచ్చింది. "అన్నయ్యా" అంటూ అంచుదాకా పరుగెత్తి, కూలబడి, పైకి తేలుతున్న బుడగలను చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

"కళ్ళు నులుముకోకు. చేతికి గాజుపొడి ఉంది," అన్న మాట వెనకనుంచి వినబడింది.

తోడల్లుడు. ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకుంటూ తీరుబాటుగా నడిచి వస్తున్నాడు.

"మరి... కార్లో ఉన్నది?"

"సిమెంటు బస్తా. బెల్టు పెట్టి కూర్చోబెట్టా. రోజూలాగే స్టీరింగుకు నీళ్ళసీసా కట్టా. మనిషే పట్టుకున్నాడనుకుంది వెర్రిది. నేను పక్కసీట్లోంచి నీ బోర్డు దగ్గర దిగిపోయా."

తోడల్లుడు పక్కనే చతికిలబడ్డాడు.

"ఎనిమిది నెలలు నరకం చూశాను తమ్ముడూ. చెట్టునీడ పడితే బ్రేకు. హోర్డింగు మీద హీరో బొమ్మ కనబడితే బ్రేకు. వెనక లారీ ఉన్నా సరే, నడిరోడ్డు మీద బ్రేకు. మీ వదినకి రెండుసార్లు మెడ పట్టేసింది. కంపెనీవాళ్ళు వెనక్కి తీసుకోం పొమ్మన్నారు. తనంతట తాను నడుస్తూ ఏ గోతిలోనో పడితే తప్ప, తప్పు తమది కాదట. సరే పడేద్దామని మూడుసార్లు సుద్దపొడితో నేనే గీశా. నా గీత దానికి ఆనలేదు. చివరిదాకా వచ్చి, చీదరించుకున్నట్టు ఆగిపోయేది."

మేస్త్రీ మొహం తుడుచుకున్నాడు. చేతి తెల్లరంగు చెంపంతా పరుచుకుంది. ప్రాణం పోలేదు, తాను హంతకుడు కాలేదు. ఇక అతనికి మిగిలిన దిగులు ఒక్కటే.

"అయితే అన్నయ్యా, ఇప్పుడెళ్ళి ఆ మెషీను కాగితం మీద సంతకం పెట్టేస్తారా?"

తోడల్లుడు గీతను ఆ కొసనుంచి ఈ కొసదాకా మురిపెంగా చూసుకున్నాడు.

"మెషీనెక్కడిది తమ్ముడూ? ఆ మాట అనకపోతే నువ్విక్కడ గీసేవాడివా?"