నాన్న ముద్ద

బ్లెండర్‌లో పప్పన్నం తిరుగుతోంది.

నెయ్యి ఒక చెంచా ఎక్కువే వేశాను. జావ చేసి వడకట్టినా పప్పన్నం పప్పన్నమే కదా అని నాకు నేను చెప్పుకోవడానికి.

జితేందర్ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకుని, ఛాతీ మధ్యలో అరచేయి పెట్టుకుని ఆగాడు.

గుక్క ఎక్కడిదాకా దిగిందో మా ఆయన ముఖం చూసి చెప్పేస్తాను. ఇవాళ సగంలోనే నిలిచిపోయింది.

గ్లాసు కౌంటర్ మీద పెట్టేశాడు.

"తర్వాత తాగుతా మనీషా."

ఆ 'తర్వాత' రాదని ఇద్దరికీ తెలుసు.

మొదట్లో ఎసిడిటీ అనుకున్నాం. అమెరికాలో, మా మోరిస్‌విల్‌లో ఎసిడిటీ లేని సాఫ్ట్‌వేర్ మనిషి ఎవరున్నారు కనుక?

మాత్రలు మింగాడు. చివరికి ఆ మాత్రలే దిగకుండా పోయాయి. అప్పుడు ఎండోస్కోపీ చేసి, లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

క్రోన్స్ అన్నారు.

అది పేగుల జబ్బు కదా అని డాక్టర్‌తో వాదించాను, ముందురోజు ఇంటర్నెట్‌లో చదివిన ధైర్యంతో.

నోటి నుంచి కింది దాకా ఎక్కడైనా రావచ్చట. అన్నవాహికలో రావడం మాత్రం బాగా అరుదట. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి ఒంటిని పుండు చేస్తుందట. పూర్తిగా నయం కాదు, అదుపులో పెట్టుకుంటూ బతకాలి అంది ఆవిడ.

"హెచ్‌వన్ వీసా లాటరీల మూడోసారికి పిక్ అయిన. దీన్ల ఫస్ట్ టైమే పిక్ అయిన, చూడు," అన్నాడు జితేందర్.

ఇద్దరం నవ్వాం.

ముద్ద దిగడం లేదంటే మనవాళ్లకు ఒకటే అర్థం. పక్క వీధి రాధారాణి అక్క వెంటనే ఫోన్ చేసింది.

"జితేందర్‌కి ముద్ద దిగట్లేదంట కదా. లేఆఫా? దాచకు మనీషా, మా ఆయన కంపెనీలో రిఫర్ చేయిస్తా."

"లేఆఫ్ కాదక్కా. నిజంగానే దిగట్లేదు."

ఆవిడ తప్పేం లేదు. అలా కూడా ఉంటుందని మాకు మాత్రం తెలుసా?

నరంలోకి మందు ఇన్‌ఫ్యూజన్లుగా ఎక్కించారు. ఇరుకైన చోట బెలూన్ పెట్టి వెడల్పు చేశారు. కొన్నాళ్లు మెత్తటి ఇడ్లీ దిగింది, ఇంట్లో పండగ చేసుకున్నాం. మళ్లీ ఇరుకైంది. మళ్లీ బెలూన్. మళ్లీ ఇరుకు.

ఈ ఉదయం డాక్టర్ బెలూన్ మాట ఎత్తలేదు.

సోమవారం నేరుగా పొట్టలోకి ట్యూబ్ వేస్తారు. అప్పటిదాకా జావలే. ఆ తర్వాత కొన్నాళ్లు నోటితో ఏమీ తినకూడదు. ఎన్నాళ్లని అడిగితే, చూద్దాం అంది.

జితేందర్ కార్లో ఒక్క మాటే అన్నాడు.

"నైనికకు ఇప్పుడే చెప్పకు. నేను తింటలేనని తెలిస్తే అది తినదు."

అది నిజం. ఆయన హాస్పిటల్‌లో ఉన్నన్నాళ్లూ పిల్ల పాలు తప్ప ఏదీ ముట్టలేదు.

మా నైనికకు నాలుగేళ్లు. అన్నం తినిపించడం మొదటినుంచీ నాన్న పనే.

ఇది తాత ముద్ద. ఇది నానమ్మ ముద్ద. ఇది అమ్మ ముద్ద.

బుగ్గన పెట్టుకుని కూర్చుంటే విసుక్కోడు. "తొందరేం లేదు బిడ్డా. నేను ఈడనే ఉంటా," అంటాడు. నా గుంటూరు 'ఇక్కడ' పిల్లకు అంటలేదు గానీ ఆ 'ఈడ' మాత్రం బాగా అంటింది.

మింగాక నోరు తెరిచి "ఆ" అని చూపించాలి. అప్పుడే ఇంకో ముద్ద.

చివరిది నాన్న ముద్ద. దాన్ని నైనికే తన చేత్తో నాన్న నోట్లో పెడుతుంది.

కొన్నాళ్లుగా ఆ ముద్ద వేళకు జితేందర్‌కి ఫోన్ వస్తోంది. లేదా మీటింగ్ ఉంటోంది. నిన్న అది పళ్లెంలోనే ఎండిపోయింది.

ఇవాళ నైనిక అన్నీ తినేసింది. చివరి ముద్దను పిడికిట్లో పట్టుకుని కుర్చీ మీద నిలబడింది.

"నాన్నా, నో మీటింగ్స్. నువ్వు తినకపోతే టుమారో నేను కూడా తినను."

జితేందర్ నావైపు చూశాడు. వద్దని తల అడ్డంగా ఊపాను.

"పెట్టు బిడ్డా," అని నోరు తెరిచాడు.

నమిలాడు. మెల్లగా, చాలాసేపు నమిలాడు. పప్పూ నెయ్యీ ఉప్పూ ముద్దగా పంటికి తగిలి ఎన్ని నెలలైందో. ఆ ముఖంలో కనిపించిన తృప్తి చూసి నాకు ఏడుపు ఆగలేదు. సింక్ వైపు తిరిగి పేపర్ టవల్ చింపాను. నా కోసం కాదు, ఆయన ఆ ముద్దను పిల్ల చూడకుండా ఊసేయడానికి.

పిల్ల కళ్లు తిప్పితే కదా.

"ఆ అను, నాన్నా."

జితేందర్ పెదవులు బిగించి నవ్వాడు. అయిపోయిందన్నట్టు తల ఊపాడు.

"నో. ఆ అను."

ఆయన నోరు తెరవలేదు.

నేను పేపర్ టవల్ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

నైనిక కాసేపు చూసింది. కుర్చీ దిగి నాన్న ఒళ్లోకి ఎక్కింది. ఆయన రోజూ చేయి పెట్టుకునే చోటే, ఛాతీ మధ్యలో, తన మెతుకుల చేయి ఆనించింది.

"తొందర లేదు నాన్నా. నేను ఈడనే ఉంటా."