చెప్పాల్సిన చోటు

ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలంటే, ఆ మాట అడిగిన మనిషినే పోగొట్టుకోవలసి వస్తే ఏం చెయ్యాలి?

ఎంత ఆలోచించినా ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరకలేదు. ఒక పదో తరగతి పిల్లకు మాత్రం ఆ శుక్రవారం ఆఖరి గంట కొట్టేలోగా దొరికి తీరాలి.

మాటకు మాట అప్పగిస్తుంది, ప్రతి నియమాన్నీ పీకి పాకం పెడుతుంది కనుక ఆ పిల్లను బడిలో అందరూ లాయరమ్మ అంటారు. బడి చిన్నది. చర్చి ప్రాంగణంలో నాలుగైదు గదుల క్రైస్తవ ఉన్నత పాఠశాల. వేరే బళ్ళు వద్దన్న పిల్లలు, ఇల్లు ఉండీ ఇంటికి పోలేని పిల్లలు ఇక్కడ చేరతారు.

అక్కడొక ఆనవాయితీ ఉంది. కొత్తగా ఆ గుమ్మం తొక్కిన ప్రతి మనిషికీ పాత విద్యార్థి ఒకరు ఏడాదిపాటు తోడు. మధ్యాహ్నం వంతులవారీగా పక్కన కూర్చుని భోంచెయ్యాలి. విన్నది కడుపులో దాచుకోవాలి. ప్రాణం మీదికి వస్తే మాత్రం ప్రధానోపాధ్యాయినికి చెప్పి తీరాలి. ఇంకెవరికీ చెప్పకూడదు.

ఈ ఏడు లాయరమ్మ వంతుకు ముగ్గురు వచ్చారు. ఇద్దరు త్వరగానే కుదురుకున్నారు. మూడో మనిషి కుదురుకోలేదు.

ఎండ మండిపోతున్నా ఆమె స్వెటర్ విప్పదు. డబ్బా మూత తీసి, అన్నం కెలికి, మళ్ళీ మూసేస్తుంది. ఎక్కడైనా తలుపు ధడాలున పడితే ఉలిక్కిపడుతుంది. విరిగిన బల్లలు పడేసే వెనక వరండాలో, గోడకు ఆనుకునే చోటు చూసుకుని కూర్చుంటుంది.

ఆ మధ్యాహ్నం కూడా అక్కడే కూర్చున్నారు.

“ఇవాళా ఆకలి లేదా?” అంది లాయరమ్మ.

“పొద్దున్న ఎక్కువ తిన్నా.”

“ఆ చెయ్యి?”

“తలుపు సందులో పడింది.”

“మొన్నేమో మెట్లు. నిన్న కుళాయి. ఇవాళ తలుపు. ఆ ఇల్లు మొత్తం పగబట్టినట్టుందే!”

ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది. సరిగ్గా అప్పుడే సంచిలో ఫోన్ మోగింది. ఆమె తీయలేదు. మోగి మోగి అది ఆగేదాకా ఊపిరి బిగబట్టింది.

“వాడే,” అంది చివరికి. “నిన్న గొంతు పట్టుకున్నాడు. ఇవాళ ఇంటికి వెళితే రేపు వస్తానని నాకు నమ్మకం లేదు.”

“వెళ్ళకపోతే?”

“ఎక్కడికి పోను? బయట వాడంత మర్యాదస్తుడు లేడు. చెప్పినా ఎవరు నమ్ముతారు? నువ్వూ ఎవరికీ చెప్పకు. తెలిస్తే ఇక్కడ తలెత్తుకోలేను. మాటివ్వు.”

లాయరమ్మ మాట ఇచ్చింది. 

ఆ భయం ఆ పిల్లకు కొత్తది కాదు. తానూ ఒకప్పుడు ఇలాగే గోడకు ఆనుకుని కూర్చున్నది. అప్పుడు తనకు తోడుగా ఉన్న అమ్మాయి తన రహస్యాన్ని బయటపెట్టేసింది. నెలల తరబడి ఆ అమ్మాయి ముఖం చూడలేదు. ఇప్పుడు తాను ప్రాంగణంలోని హాస్టల్లో, గడియ పడిందో లేదో చూసుకోకుండానే నిద్రపోతోంది. ద్రోహమనుకున్నది ఆయుష్షు పోసింది. అయినా, ఒకరి గాయాన్ని వాళ్ళ అనుమతి లేకుండా విప్పి చూపించే హక్కు ఇంకొకరికి ఎక్కడిది?

ప్రార్థన గదిలో పాస్టరు గారు పాటల పుస్తకాలు సర్దుతున్నారు.

“అయ్యగారూ, మాట తప్పితే పాపమేనా?”

“వచ్చిందండీ లాయరమ్మ! ఇవాళ కేసేమిటి తల్లీ?”

“ప్రాణం మీదికొచ్చింది.”

ఆయన పుస్తకాలు కింద పెట్టారు. “ఎవరికి? ఆ ముగ్గురిలో...”

“అడక్కూడదు కదండీ.”

“నిజమే, నోరు జారాను. మరి ఇక్కడ నిలబడ్డావేం? మేడం గారి గదికి వెళ్ళు.”

“ఆవిడకే చెప్పాలా?”

“ఆవిడకే. నియమం పెట్టుకున్నది ఎందుకు?”

“అదే కష్టంగా ఉందండి.”

“జంకెందుకమ్మా? పాత మేడంలాగే ఈవిడా మనసున్న మనిషే. నీ మాట వింటుంది.”

లాయరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఆఖరి గంట కొట్టే మనిషి మెల్లగా లేచి, ఒళ్ళు విరుచుకుని, తాడు వైపు నడుస్తున్నాడు. నియమాన్ని మనసులో మొదటినుంచీ చివరిదాకా మళ్ళీ ఒకసారి చదువుకుంది. ఎవరికి చెప్పాలో అందులో ఉంది. చెప్పేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదని ఎక్కడా లేదు.

“మీరూ రండి,” అంది.

“నేనెందుకు?”

“నేను చెబుతాను. మీరు వినాలి. విన్నాక ఆ మనిషిని ఇవాళ ఇంటికి పోనివ్వకూడదు. అంతే.”

పాస్టరు గారు ఇంకేదో అడగబోయారు. ఆ పిల్ల అప్పటికే ఆయన చెయ్యి పట్టుకుని బయలుదేరింది. గది ముందు ఆగింది, తలుపు తట్టింది, జవాబు కోసం ఆగకుండా తెరిచింది.

“మేడం, నేను తోడుగా ఉన్నవాళ్ళలో ఒకరి ప్రాణానికి ముప్పుంది. నియమం ప్రకారం మీకు చెప్పడానికొచ్చాను.”

బల్ల వెనక కూర్చున్న ప్రధానోపాధ్యాయిని లాయరమ్మ వంకా, గడపలో నిలబడ్డ పాస్టరు గారి వంకా చూసి, స్వెటర్ చేతుల్ని మెల్లగా వేళ్ళ దాకా కిందికి లాక్కుంది.