మోకాళ్ళకు చాలని వయసు

ఎవరికి ఏ ఆపరేషన్ చేయాలో ఆసుపత్రిలో యంత్రమే తేల్చే రోజులవి. రేవులో చేపల తట్టలు మోసి మోసి నలభై ఏళ్ళకే మోకాళ్ళు అరిగిపోయిన పైడితల్లి దాని ముందు నిలబడింది.

"మీది చిన్న వయసు. కొత్తవి వేసినా మీరు బతికుండగానే అరిగిపోతాయి. మళ్ళీ మార్చడం కష్టం. అరవై దాటాక రండి," అంది యంత్రం.

"అందాకా పాకమంటావేటే?"

యంత్రం తర్వాతి పేరు పిలిచింది. పైడితల్లికి ఒళ్ళు మండిపోయింది. గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది. వాటంతటవే మూసుకునే తలుపులు మూసుకోలేక కొట్టుకున్నాయి.

డాక్టరు పరుగున వచ్చాడు. "లేమ్మా, దారి వదులు."

"నానెలా నెగుత్తాను బాబూ? నెగాలంటే మోకాళ్ళెయ్యి!"

డాక్టరు యంత్రం వైపు చూడకుండా నేల మీద కూర్చుని, వాచిన ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోడం కాదు," అంది పైడితల్లి, "కొయ్యి."