మూడో గడి

"నడుముకి కట్టుకుని, నలుగురికీ కనిపిస్తున్న తుపాకీని ఎవడైనా ఎక్కడైనా మరిచిపోతాడా మార్జీన్ గారూ?"

సెనేటర్ డెల్బర్ట్ కిన్సీ ప్రశ్నకి కమిటీ గదిలో వెనక బెంచీల వాళ్ళు నవ్వారు. ఎదురుగా కూర్చున్న సెనేటర్ మార్జీన్ టీగ్ నవ్వలేదు. చేతిలోని పత్రిక ముక్కని ఊపింది.

"పోయిన నెల కిరాణా కొట్టు బాత్రూములో దొరికింది కదా, దానికేమంటారు?"

"అది దాచుకున్న తుపాకీ. దాచుకున్నది గొడుగులాంటిది, మరిచిపోతాం. పైకి కట్టుకుంటే మనం మరిచినా గుమ్మంలో పెళ్ళాం గుర్తుచేస్తుంది."

మళ్ళీ నవ్వులు.

లైసెన్సు ఉన్నవాళ్ళు తుపాకీని కోటు కిందే దాచుకోవాలన్నది ఇప్పటి చట్టం. దాచక్కర్లేదు, పైకే కట్టుకోవచ్చన్నది డెల్బర్ట్ బిల్లు. ఏడుగురి కమిటీలో ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. ఛైర్మన్ ఓరిన్ శాక్లీ ఎటో ఆయనకే తెలియదు. ఇవాళ ఈ గది దాటకపోతే బిల్లు చచ్చినట్టే. శాసనసభ మళ్ళీ కూర్చునేది రెండేళ్ళకి.

"నేనైతే ఈ చేత్తో ఇంతవరకూ తుపాకీ ముట్టుకోలేదు. ముట్టుకోను కూడా," అంది మార్జీన్.

"మీ చెయ్యి మీ ఇష్టం. నాది మాత్రం ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది." డెల్బర్ట్ కోటు మీదనుంచే కుడి నడుము మీద చరిచాడు.

మెత్తగా తగిలింది. అక్కడ తన ఒళ్ళు తప్ప ఇంకేమీ లేదు.

డెల్బర్ట్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. పొద్దున లైసెన్సు కార్డు చూపించి దర్జాగా లోపలికొచ్చాడు. తనిఖీ వరుసలో నిలబడేది గొడుగులూ చేతిసంచులూ మోసుకొచ్చేవాళ్ళే. అప్పుడు పిస్తోలు ఉంది. అరగంట క్రితం బాత్రూముకి వెళ్ళాడు. బెల్టు విప్పితే జారిపడుతుందని తీసి, గోడకున్న టాయిలెట్ కాగితం డబ్బా మీద పెట్టాడు. ప్యాంటు బిగించుకున్నాడు, చేతులు కడుక్కున్నాడు, చక్కా వచ్చేశాడు.

"ఛైర్మన్ గారూ, ఒక్క ఐదు నిమిషాలు. కాఫీ ఎక్కువైంది."

"ఇంకొక్క సాక్షే ఉంది డెల్బర్ట్. తర్వాత ఓటింగే. తొందరగా రా."

"ఎక్కువైంది కాఫీయా, చెప్పిన కబుర్లా?" అంది మార్జీన్.

డెల్బర్ట్ వినిపించుకోలేదు. నడవాలో బడిపిల్లలు జంటలు జంటలుగా చేతులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ టీచరమ్మ మగపిల్లలని బాత్రూము వైపే నడిపిస్తోంది. డెల్బర్ట్ బూట్లు టకటకలాడిస్తూ వాళ్ళని దాటి లోపలికి దూరాడు.

ఇందాక తను వెళ్ళిన మూడో తలుపు తోశాడు. డబ్బా మీద ఏమీ లేదు. డబ్బాలో కొత్త కాగితం చుట్ట. నేల తడిగా ఉంది. జారుతుంది జాగ్రత్త అని పసుపు బోర్డు.

పిల్లల చేతికి చిక్కలేదు, అంతవరకూ నయం. కానీ ఎవరికో చిక్కింది. సంగతి బయటపడితే బిల్లూ తనూ గంగలో కలిసినట్టే. మొహం మీద నీళ్ళు చల్లుకుని తిరిగొచ్చాడు.

సాక్షి బల్ల ముందు నీలం యూనిఫారంలో ఓ పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో గోధుమరంగు కాగితం సంచీ. తడి చేతిగుడ్డ ఇంకా భుజం మీదే ఉంది. డెల్బర్ట్ తన కుర్చీలో కూలబడ్డాడు.

ఛైర్మన్ చీటీ చూశాడు. "ఐడెల్లా క్రంప్. ఈ భవనంలోనే శుభ్రం చేసే పని. బిల్లుకి అనుకూలమా, వ్యతిరేకమా అని అడిగితే మీరు మూడో గడిలో గీత పెట్టారు. రెండూ కాదా?"

"రెండూ కాదు నాయనా. పైకి కట్టుకుంటారో, లోపల దోపుకుంటారో మీ ఇష్టం. నాకు సొరుగు కావాలి."

"సొరుగా?"

"పోయిన వస్తువులు పెట్టేది. ఉన్నది జానెడు. కళ్ళజోళ్ళూ, గొడుగులూ, ఒక పళ్ళ సెట్టూ ఉన్నంతకాలం సరిపోయింది. ఇప్పుడు మూసుకోవడం లేదు. కాపలా అతన్ని అడిగితే, అది నా పని కాదు, కమిటీకి చెప్పుకో అన్నాడు. అందుకని వచ్చాను."

ఐడెల్లా కాగితం సంచీలో చెయ్యి పెట్టింది. డెల్బర్ట్ కళ్ళు మూసుకున్నాడు.

బల్ల మీద టక్కుమని చప్పుడైంది. గదిలో ఎవరో అమ్మో అన్నారు. డెల్బర్ట్ ఒక కన్ను తెరిచాడు.

తనది నల్లది. ఇది అరచేతిలో ఇమిడే వెండి పిస్తోలు. ముత్యపుచిప్ప పిడి మీద రెండు పొడి అక్షరాలు అందంగా చెక్కి ఉన్నాయి: ఎం.టి.

మార్జీన్ టీగ్ తన చేతిసంచీని ఒళ్ళోకి లాక్కుంది. లోపల ఒకసారి తడిమింది. ఆమె మొహం చేతిలోని పత్రిక ముక్కకన్నా తెల్లగా పాలిపోయింది.

డెల్బర్ట్‌కి ప్రాణం లేచొచ్చింది. వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఇంత దొరికాక ఛైర్మన్ ఓటు ఎటు పడుతుందో వేరే చెప్పాలా? "మరిచిపోవడం గురించి మార్జీన్ గారు ఇందాక ఏదో అంటున్నారు," అన్నాడు తీయగా. "మళ్ళీ ఒకసారి చెబితే వింటాం."

ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇది... ఒక్కటేనా అమ్మా మీకు దొరికింది?"

అలా అడుగుతుంటే ఆయన చెయ్యి తన కోటు కింద దేనికోసమో అటూ ఇటూ వెతుకుతోంది.

"ఇది ఆడవాళ్ళ వైపుది నాయనా," అంది ఐడెల్లా. "మగవాళ్ళవి బయట బకెట్లో ఉన్నాయి. వచ్చి ఎవరివి వాళ్ళు ఏరుకోండి."